గేటు బయట నిలబడ్డ ప్రతివాది

తెనాలిలో మా ఇంటి ముందు గదే నా ఆఫీసు. ఏళ్ల తరబడి సివిల్ ప్రాక్టీసు చేసి, మోకాళ్లు ఇక కోర్టు మెట్లు ఎక్కమని మొండికేశాక, ఇంట్లో కూర్చుని చేసే పని ఒకటి దొరికింది. క్రెడిట్ కార్డు తగాదాలు తీర్చే మధ్యవర్తి పని. ఆర్బిట్రేషన్ అంటారు. కార్డు తీసుకునేటప్పుడు మనమంతా చదవకుండా సంతకం పెట్టే కాగితాల్లో, చీమ తలకాయంత అక్షరాల్లో ఒక షరతు ఉంటుంది. పేచీ వస్తే కోర్టుకు పోకుండా మధ్యవర్తి దగ్గర తేల్చుకుంటామని. ఆ మధ్యవర్తిని నేను. హైదరాబాదు నుంచి ఒక సంస్థ ఫైళ్లు పంపేది. నేను నోటీసులిచ్చి, రెండు పక్షాలనూ విని, తీర్పు రాసేదాన్ని. ఫైలుకింత అని ఫీజు.

రెండు పక్షాలనూ విని అన్నది గొప్పకు రాసిన మాట. బ్యాంకు లాయరు వీడియోలో కనిపించి, రోజూ చెప్పే నాలుగు ముక్కలే చెప్పి వెళ్లేవాడు. ప్రతివాది, అంటే కార్డు మనిషి, సాధారణంగా వచ్చేవాడే కాదు. కొందరికి నోటీసులో ఇంగ్లీషు అర్థం కాదు, కొందరికి భయం, కొందరికి నిర్లక్ష్యం. రాకపోతే పిలిచాం, రాలేదు అని రాసి, బ్యాంకు అడిగింది ఇచ్చెయ్యడమే. రానివాళ్ల మీద నాకు జాలి ఉండేది కాదు, పైపెచ్చు చిరాకు. నాకు మొదటినుంచీ నోరెక్కువ, ఓపిక తక్కువ. నువ్వు జడ్జివి కాకపోవడం జనం చేసుకున్న పుణ్యం అనేవారు మా ఆయన. మధ్యవర్తినయ్యాక ఆ పుణ్యం కాస్తా ఖర్చయిపోయింది.

రేపల్లె అవతల, సముద్రం ఒడ్డు ఊరి మనిషి ఫైలు కూడా అలా వచ్చినదే. సొంత పడవ మీద చేపల వేటకు వెళ్లేవాడు. రేపల్లెలో ఎవరో ఏజెంటు వెంటపడి కార్డు అంటగట్టాడు. దాంతో డీజిలు కొనుక్కునేవాడు, నెలనెలా కట్టేసేవాడు. ఒక నెల బిల్లులో, అతను పేరు కూడా వినని ఊళ్లో కొన్న ఖరీదైన ఫోన్లు పడ్డాయి. నేను కొనలేదు మొర్రో అని బ్రాంచి చుట్టూ తిరిగాడు. నీ ఫోనుకు ఓటీపీ పంపాం, అది కొడితేనే సరుకు వెళ్లింది, కాబట్టి నువ్వే కట్టాలని బ్యాంకు అంది. ఆ రోజు నేను సముద్రంలో ఉన్నాను, అక్కడ సిగ్నలే ఉండదని అతను అన్నాడు. పేచీ తిరిగి తిరిగి నా బల్ల మీదికొచ్చింది.

అతనికి అది ఫోన్ల గొడవ మాత్రమే కాదు. పడవ ఇంజను చెడిపోయింది. వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం వేట ఆపిస్తుంది. మళ్లీ వేట మొదలయ్యేలోపు కొత్త ఇంజను బిగించుకోవాలి. కార్డు బాకీ ఎగ్గొట్టినవాడని రికార్డులో ఉన్నంతకాలం ఏ బ్యాంకూ అప్పివ్వదు. ఇంజను లేకపోతే పడవ ఒడ్డునే ఉంటుంది. దాని మీద వేటకు వచ్చేవాళ్లు ఇంకో పడవ చూసుకుంటారు, చెదిరిన జట్టు మళ్లీ చేరదు. ఇదంతా నాకు తరవాత తెలిసింది. ఫైల్లో ఇంజను ఊసే లేదు.

విచారణ పెట్టిన రోజే మా అమ్మాయి సీమంతం కుదిరింది. అది దాటితే మంచిరోజు లేదన్నారు పురోహితులు. విచారణను ఒక వారం జరపవచ్చు, ఒక మెయిలు కొడితే సరిపోయేది. కానీ నెలాఖరు, సంస్థ వాళ్లు ఫైళ్లు ముగించమని ప్రాణం తీస్తున్నారు. ఎలాగూ ఎవరూ రారు, మధ్యలో ఒక్క నిమిషం వెళ్లి కానిచ్చేయొచ్చులే అనుకున్నాను. ఆఫీసు అంటూ మా ఇంటి చిరునామానే నోటీసులో రాసింది కూడా నేనే.

ఆ రోజు ఇంటి ముందు షామియానా, గుమ్మానికి మామిడాకులు, గడపకు పసుపు. లోపల పేరంటాళ్లు పాటలు పాడుతూ మా అమ్మాయికి గాజులు తొడుగుతున్నారు. వంటవాళ్లకు పెరుగు చాలలేదంటే, తెచ్చేవాడు వచ్చాడేమోనని నేను వరండాలోకి వచ్చాను. గేటు అవతల ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మాసిన గడ్డం, నలిగిన చొక్కా, చేతిలో పాలిథిన్ కవరు. షామియానా షాపు వాళ్లు కుర్చీల అద్దె కోసం పొద్దున్నుంచీ ఫోన్లు చేస్తున్నారు. వాళ్ల మనిషే అనుకున్నాను. పేరంటం మధ్యలో డబ్బులకు మనిషిని పంపిస్తారా అని ఒళ్లు మండింది.

"ఇప్పుడు కాదయ్యా, లోపల శుభకార్యం జరుగుతోంది. రేపు రా," అన్నాను మెట్ల మీద నుంచే.

అతను నా వంక చూసి రెండు చేతులూ జోడించాడు. "మంచిదమ్మా, అట్టాగేనండి," అని వెళ్లిపోయాడు. పోన్లే, మర్యాదస్తుడే అనుకున్నాను.

కాసేపటికి పట్టుచీరతోనే ముందు గదిలోకి వెళ్లి వీడియో పెట్టాను. బ్యాంకు లాయరు నా పూలూ నగలూ చూసి, ఏంటి మేడమ్ విశేషం అని అడిగాడు. చెప్పాను. శుభాకాంక్షలు చెప్పాడు. ప్రతివాది పేరు పిలిచాను. గదిలో ఎవరూ లేరని నాకు తెలుసు, అయినా పద్ధతి ప్రకారం పిలిచాను. కొద్దిసేపు ఆగి, ప్రతివాది గైర్హాజరు అని రాసుకుని, భోజనాలకు వెళ్లాను. ఆ వారంలోనే తీర్పు టైపు చేయించి సంతకం పెట్టేశాను.

మర్నాడు అతను మళ్లీ వచ్చాడట. నేను ఇంట్లో లేను. వియ్యపురాలికి పెట్టిన చీర ఆవిడకు నచ్చలేదని మార్చడానికి చీరాల వెళ్లాను. మేడమ్ గారు ఊళ్లో లేరు, ఎప్పుడొస్తారో తెలియదని మా పనిమనిషి చెప్పి పంపేసింది. ఈ సంగతి నాతో చెప్పాలని ఆమెకు తోచలేదు, తోచినా నేను పట్టించుకునేదాన్నని నమ్మకం లేదు.

తీర్పు కాపీ పోస్టులో అందాక అతను మూడోసారి వచ్చాడు. ఈసారి గడ్డం గీయించుకున్నాడు, ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. గేటు తీసుకుని లోపలికి వచ్చి, చెప్పులు మెట్ల దగ్గర విడిచి, తనెవరో చెప్పాడు. ఫైలు గుర్తొచ్చింది. మనిషి మాత్రం వెంటనే గుర్తు రాలేదు.

"నేను రాలేదని రాశారంటండి," అన్నాడు. "వచ్చాను కదమ్మా. మీరే కదా రేపు రమ్మన్నారు."

అప్పుడు ఆ గొంతు గుర్తుపట్టాను. ఎన్నో నిజాలు ఎదుటివాళ్ల నోటి నుంచి రాబట్టిన లాయరును, ఆ పూట నా నోటి నుంచి నిజం రాలేదు. అతనికి కోపమేం లేదు. ఎక్కడో టైపు చేసేవాళ్లు పొరపాటు పడ్డారనీ, మేడమ్ గారితో చెబితే దిద్దేస్తారనీ నమ్మి వచ్చాడు. చూస్తాను అన్నాను. కాఫీ ఇప్పించాను. తాగి, దణ్ణం పెట్టి వెళ్లాడు.

దిద్దడానికి వీల్లేదని నాకు తెలుసు. మధ్యవర్తి సంతకం పెట్టిన మరుక్షణం ఆ తగాదాలో మధ్యవర్తి పని అయిపోతుంది. కూడికల్లో తప్పుంటే సరిచెయ్యొచ్చు గానీ తీర్పును వెనక్కి తీసుకోవడం కుదరదు. దాన్ని కొట్టేయాలంటే అతనే గడువులోపు కోర్టుకు వెళ్లి, విచారణకు తనొచ్చినట్టు రుజువు చేసుకోవాలి. అతను వచ్చినట్టు తెలిసిన సాక్షిని నేనొక్కదాన్నే.

అందుకని ముందు అడ్డదార్లు వెతికాను. బ్యాంకు అధికారికి ఫోను చేసి, మనిషి మంచివాడిలా ఉన్నాడు, ఏదో ఒక రాజీకి రండి అన్నాను. తీర్పు రాసింది మీరే కదా మేడమ్ అన్నాడు నవ్వుతూ. నాకూ నవ్వొచ్చింది, ఏడుపు బదులు. నా ఫీజులూ దాచుకున్న కాస్తా కలిపి ఆ బాకీ నేనే కట్టేస్తే పీడా విరగడవుతుందనిపించింది. ఇంట్లో చెప్పకుండా రేపల్లె పాసింజరు ఎక్కాను.

రేపల్లెలో దిగి ఆటోలో వాళ్ల ఊరు చేరేసరికి ఎండ నడినెత్తి మీదుంది. వేట లేని రోజులు కదా, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. అతను ఇంటి ముందు పందిరి కింద వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి కంగారుగా లేచి, భార్యను పిలిచి, కుర్చీ వేయించాడు. కేసు గురించి అడుగుతాడనుకున్నాను. అమ్మాయిగారికి పురుడు సుఖంగా వచ్చిందా, బిడ్డ ఆరోగ్యంగా ఉందా అని అడిగాడు. ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ బాగున్నారన్నాను. అతని భార్య గట్టిగా ఊపిరి వదిలింది. ఆ రోజు నుంచీ ఇద్దరికీ అదే దిగులుగా ఉందని చెప్పింది.

నాకేమీ అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. తండ్రి చిన్నప్పుడే పోతే అతన్ని పెంచి, తెరచాప కట్టడం దగ్గర్నుంచీ వేట నేర్పిన పెదనాన్న, విచారణకు కొద్దిరోజుల ముందు పోయాడు. ఇంకా దినాలు కాలేదు. మైలలో ఉన్నవాడు ఎవరింటికీ వెళ్లకూడదు. కానీ రాకపోతే తీర్పు ఇచ్చేస్తామని నోటీసులో ఉందని ఎవరో చదివి చెప్పారు. అందుకని, ఆఫీసే కదా, గుమ్మం బయట నిలబడి చెప్పుకోవచ్చని వచ్చాడు. ఆ ఫోన్లు కొన్న రోజు వేటకు వెళ్లినట్టు రేవులో రాయించుకున్న కాగితం కవర్లో పెట్టుకుని తెచ్చాడు. తీరా వస్తే అది ఇల్లు. గుమ్మానికి మామిడాకులు, లోపల సీమంతం పాటలు. కడుపుతో ఉన్న ఆడపిల్ల ఉన్న గడప మైలతో ఎలా తొక్కడం, ఆ వాకిట్లో నిలబడి చావు మాట ఎలా ఎత్తడం. గేటు బయటే ఉండిపోయాడు.

"మీరు నా మొగం చూడగానే కనిపెట్టేశారండి," అన్నాడు. "ఆ మాట నా నోట రానీకుండా రేపు రమ్మన్నారు. ఇంకోళ్లయితే కసురుకునేవాళ్లు. మా ఆవిడతో ఆ రోజే చెప్పానండి, చదువుకున్నోళ్ల మనసే వేరని."

ఆమె కూడా తలూపింది. మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆ నిమిషాన కాదని చెప్పి ఉండాల్సింది. నేను కనిపెట్టింది నీ మైలను కాదు నాయనా, కుర్చీల అద్దెను అని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అవునని కూడా అనలేదు, ఆ మాత్రం లాయరు తెలివి ఉంది. గ్లాసు ఖాళీ చేసేదాకా తల ఎత్తలేదు. ఆ పొగడ్త ఒంటికి గుచ్చుకుంటూనే, ఎక్కడో కాస్త బాగుంది కూడా. సిగ్గుపడాల్సింది అలా బాగున్నందుకే అని రైల్లో తిరిగొస్తుంటే తెలిసింది.

డబ్బు ప్రస్తావన తెచ్చాను. బాకీ నేను కట్టేస్తాను, నీ రికార్డు శుభ్రమవుతుంది అన్నాను. అతను వెంటనే వద్దన్నాడు. కట్టేస్తే ఆ ఫోన్లు తనే కొన్నట్టవుతుంది, పైగా మీ డబ్బు నాకెందుకు అన్నాడు. తను వచ్చినట్టు ఒక్క ముక్క రాసిస్తే చాలన్నాడు. అడిగింది అంతే.

నా దగ్గర జూనియర్‌గా పనిచేసి ఇప్పుడు బాపట్లలో స్థిరపడిన లాయరు ఒకతను ఉన్నాడు. కేసు అతనికి అప్పగించి, నా అఫిడవిట్ నేనే రాసుకుని బాపట్ల వెళ్లాను. సమాచార లోపం వల్ల ప్రతివాది విచారణలో పాల్గొనలేకపోయారు, ఈ విషయం తరవాత నా దృష్టికి వచ్చింది అని చక్కగా రాశాను. అతను రెండుసార్లు చదివి బల్ల మీద పెట్టాడు. నా దగ్గర పని నేర్చుకున్నవాడు, నాకెదురు చెప్పడం అలవాటు లేనివాడు.

"మేడమ్, దీన్లో తప్పు ఎవరూ చెయ్యలేదండి," అన్నాడు నెమ్మదిగా. "ఇట్టా ఉంటే మన పిటిషనే కొట్టేస్తారు."

కోపం ముంచుకొచ్చింది. నా ముందు కుర్చీలో కూర్చోడానికి జంకినవాడు నా డ్రాఫ్టుకు వంక పెడతాడా అనుకున్నాను. ఆ కోపంలోనే కాగితం లాక్కుని మళ్లీ రాశాను. ఫలానా రోజు ప్రతివాది నా గేటు దగ్గరికి వచ్చాడు, నేను చూశాను, రేపు రమ్మని నేనే చెప్పి పంపాను, ఆ తరవాత గైర్హాజరు అని రాశాను. ఎందుకు పంపానో మాత్రం రాయలేదు. జూనియర్ దాని గురించి అడగలేదు. నేనూ చెప్పలేదు.

కేసు తెనాలి కోర్టులోనే విచారణకు వచ్చింది. నేను ఇన్నేళ్లు నోరు పారేసుకున్న కోర్టు. అటెండరు దగ్గర్నుంచి అందరూ తెలిసినవాళ్లే. మధ్యవర్తి తన తీర్పుకు తనే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పడం ఎవరూ ఎరగరు, బార్‌లో వాళ్లు పని మానుకుని వచ్చి వెనక బెంచీల్లో కూర్చున్నారు. అతనూ వచ్చాడు. భార్యను తీసుకురాలేదు. గోడవారగా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూసి దణ్ణం పెట్టాడు.

బ్యాంకు లాయరు వీడియోలో కనిపించే మనిషే. నిజంగా చూస్తే ఇంకా చిన్నవాడు. మర్యాదగానే అడిగాడు. అతన్ని చూశారా, చూశాను. మాట్లాడారా, మాట్లాడాను. రేపు రమ్మన్నారా, అన్నాను. ఇంతవరకూ కాగితంలో ఉన్నదే. తరవాత, మీరు చాలా అనుభవం ఉన్నవారు, విచారణ రోజున గేటు దగ్గర మనిషి నిలబడితే పేరైనా అడగలేదా మేడమ్ అన్నాడు.

"అడగలేదు," అన్నాను.

"ఎందుకని?"

ఇలాంటి ప్రశ్నకు తప్పించుకునే జవాబులు నాకు పది తెలుసు. సాక్షులకు నేర్పినవే. పేరంటం హడావుడి అనొచ్చు, గుర్తులేదు అనొచ్చు. అలా అంటే, హడావుడిలో మీరు చూసింది ఇతన్నేనని నమ్మకమేంటని అడుగుతాడు. అఫిడవిట్ కూలిపోతుంది, దాంతో ఇంజనూ పోతుంది. జడ్జిగారు కలం పట్టుకుని నా వంక చూస్తున్నారు. గోడవార మనిషి కూడా చూస్తున్నాడు, నేను అతనికి మేలు చేస్తున్నానన్న ధీమాతో.

"కుర్చీల అద్దె కోసం వచ్చినవాడనుకున్నాను," అన్నాను. "మనిషి వాలకం చూసి అలా అనుకున్నాను. గడ్డం, ఆ చొక్కా, చేతిలో కవరు బాగా గుర్తున్నాయి. కేసుకు వచ్చినవాడు అయ్యుంటాడని నాకు తట్టనే లేదు. నా పేరంటం పని తెమలాలి, అందుకని పంపేశాను."

లాయరు ఇక ప్రశ్నలు లేవని కూర్చున్నాడు. నేను గోడవైపు చూడకుండా దిగి వచ్చేశాను.

నా తీర్పును కోర్టు కొట్టేసింది. కొత్త మధ్యవర్తి ముందు రేవు కాగితం పెట్టగానే బ్యాంకు తగ్గింది. వేట మొదలయ్యేలోపే అతనికి ఇంజను అప్పు అందిందని బాపట్ల జూనియర్ ఫోను చేసి చెప్పాడు. సంస్థ వాళ్లు నాకు ఫైళ్లు పంపడం మానేశారు. దానికి నాకు బాధలేదు. ఇవన్నీ తరవాత జరిగినవి.

ఆ రోజు కోర్టు బయట, రేపల్లె బస్సులు ఆగే చోట అతను ఒక్కడే ఉన్నాడు. నేనే దగ్గరికి వెళ్లాను. క్షమించమని అడిగాను. మా ఊళ్లో నన్నెరిగినవాళ్లెవరూ నా నోట ఆ మాట విని ఉండరు. అతను కంగారుపడి, అయ్యో అంత మాటెందుకండి, నిజం చెప్పబట్టే కదండీ పని జరిగింది అన్నాడు. గొంతులో మర్యాద ఏమీ తగ్గలేదు. కానీ నా మొహం చూడలేదు, బస్సు వచ్చే వైపే చూస్తున్నాడు.

"మా ఇంట్లో మీ గురించి వేరేగా చెప్పానండి," అన్నాడు.

ఇప్పుడేం చెబుతారని అడగాలనుకున్నాను. బస్సు వచ్చింది. వెళ్లొస్తానమ్మా అని ఎక్కేశాడు.